మూడు పిలుపులు

ప్రవీణ్‌కుమార్ ఫోన్ చేసేటప్పటికి సింహాచలమ్మ పులుసులోకి చింతపండు పిసుకుతోంది. ఫోన్ మీద ఆ పేరు చూడగానే ఆమె గుప్పిట బిగుసుకుంది. ఆ నంబరు తీసిపారెయ్యమని పోర్ట్ బ్లెయిర్ షాదీపూర్‌లో ఉన్న చెల్లెలు లక్ష్మీకుమారి రెండేళ్ళుగా చెబుతూనే ఉంది. సింహాచలమ్మ తియ్యలేదు. పగవాడి నంబరు చేతిలో ఉండాలి, ఏనాటికైనా పనికొస్తుంది అనుకుంది. ఇవాళ పనికొచ్చింది.

“నమస్తే ఆంటీ! ఎలా ఉన్నారు? అంకుల్ ఠీక్ హైనా?”

“బాగున్నాం బాబూ. సెప్పు.”

“ఇరవయ్యారో తారీఖు కార్గిల్ దివస్ ఆంటీ. ఈసారి బహుత్ బడా ప్రోగ్రాం. ఢిల్లీ నుంచి మా డిపార్ట్‌మెంట్ బడా సాబ్ వస్తున్నారు, రిటైర్డ్ బ్రిగేడియర్. ఆ లడాయిలో గన్ దగ్గర పనిచేసినవాళ్ళు మన ఐలాండ్స్‌లో అంకుల్ ఒక్కరే ఉన్నారు. స్టేజీ, శాలువా, మెమెంటో, సబ్ కుఛ్. మెయిన్ ఐటమ్ అంకులే! మీరు పక్కా తీసుకురావాలి. నా ప్రమోషన్ ఫైలు కూడా ఆ సాబ్ దగ్గరే ఉంది, సమఝ్ లో ఆంటీ.”

“అయ్యో, నువ్వింతగా సెప్పాలా నాయనా? వత్తాం. తప్పకుండా వత్తాం.”

ఫోన్ పెట్టేశాక ఆమె చేతులు కడుక్కుని, గుమ్మంలోకి వచ్చి, దక్షిణం వైపు, అంటే పోర్ట్ బ్లెయిర్ వైపు తిరిగి, “నీ జిమ్మడ! నువ్వే నోరారా పిలిచావురా నన్ను” అంది. ఉత్తర అండమాన్‌లోని ఆ డిగ్లీపూర్ పొలాల మీద వాన మొదలైంది. అరుగు మీద గొడుగు బాగుచేసుకుంటున్న పున్నయ్య తలెత్తి చూడలేదు. ఆయనకు ఆమె మాటా వినపడలేదు, వానా వినపడలేదు.

పున్నయ్య ఫిరంగి దళంలో పదిహేడేళ్ళు పనిచేసి హవల్దారుగా దిగినవాడు. కుడిచెవి కార్గిల్ కొండల కిందే పోయింది. రెండు నెలలు రాత్రీ పగలూ గన్ను పక్కన నిలబడితే చెవి ఏం చేస్తుంది పాపం? ఎడమచెవిలో సగం మిగిలింది. ఆ సగంతోనే ఆ ఇల్లు ఇరవయ్యేళ్ళు నడిచింది. సింహాచలమ్మ బస్సులోనైనా పెళ్ళి పందిట్లోనైనా మొగుడికి ఎడమపక్కనే కూర్చునేది. ఆమె ఎడమచెవిలో చెప్పిన ఊరి కబుర్లన్నీ విని, ఆయన ఊళ్ళో అందరికీ వినపడేంత గట్టిగా నవ్వేవాడు. మాట అందనంత గోలలో ఉంటే ఇద్దరికీ చేతి భాష ఒకటుండేది. గన్ను మోతలో భుజం తట్టి సైగ చేసుకునేవాళ్ళమని ఆయనే నేర్పాడు. మోకాలి మీద ఒక తట్టు అంటే లే. రెండు తట్లంటే కూర్చో. అరచెయ్యి అదిమి పట్టుకుంటే, కదలకు.

నాలుగేళ్ళ కిందట ఆ ఎడమచెవిలో చీము పట్టింది. డిగ్లీపూర్ డాక్టరు దీపం పెట్టి చూసి, లోపల ఎముక తినేస్తోంది, ఏడాదిలోపల ఆపరేషన్ చేయించకపోతే ఉన్న సగం కూడా దక్కదు అన్నాడు. అలాంటివాళ్ళ కోసమే సర్కారు ఒక ఏర్పాటు పెట్టింది. ఆరు నెలలకోసారి మెయిన్‌లాండ్ నుంచి చెవుల డాక్టర్లు పోర్ట్ బ్లెయిర్ వస్తారు, మాజీ సైనికులను చూస్తారు, అవసరమైనవాళ్ళను మద్రాసు పంపి ఆపరేషన్ చేయిస్తారు. మంచి ఏర్పాటే. చేసినవాళ్ళ చేతికి దండం పెట్టవచ్చు. కానీ ఆ డాక్టర్ల గది గుమ్మం దగ్గర జాబితా పట్టుకుని నిలబడ్డవాడు ప్రవీణ్‌కుమార్.

మొదటిసారి వెళ్ళినప్పుడు సింహాచలమ్మ సంబరపడింది. షాదీపూర్‌లో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు, లక్ష్మీకుమారి ఇంటికి రెండు వీధుల అవతల ఇల్లు. మనవాడే క్లర్కు, ఇంకేం కావాలి అనుకుంది. తెల్లవారుజామున డిగ్లీపూర్‌లో బస్సెక్కి, జారవాల అడవి దాటించే కాన్వాయ్ కోసం ఆగి, ఫెర్రీ దాటి, పన్నెండు గంటలు కుదేలై వచ్చిన ఒళ్ళు ఆ ఒక్క మాటతో తేలికపడింది. పేషెంట్లు మాత్రమే లోపలికి అన్నారు. సరే, ఆమె గేటు బయట రేకుల షెడ్డులో కూర్చుంది. పున్నయ్య ఎనిమిది గంటలకే లోపలికెళ్ళి మొదటి వరసలో మూడో కుర్చీలో, డాక్టర్ల గదికి ఎదురుగా, కవాతుకి నిలబడ్డవాడిలా నిటారుగా కూర్చున్నాడు. నాలుగింటికి బయటికొచ్చాడు.

“డాక్టరు రానేదేమోనే. ఎవులూ పిలవనేదు” అన్నాడు నవ్వుతూ.

డాక్టరు వచ్చాడు. చూసినవాళ్ళను చూశాడు, మందులిచ్చాడు, వెళ్ళాడు. సింహాచలమ్మ ప్రవీణ్‌కుమార్ దగ్గరికి పరుగెత్తింది. వాడు ఫోన్లోంచి తలెత్తకుండా జాబితా తిప్పాడు.

“పున్నయ్యా? పిలిచాను కదా ఆంటీ. తీన్ బార్ బులాయా, నహీ ఆయా. మూడుసార్లు పిలవాలి, రాకపోతే గైర్‌హాజిర్ రాయాలి. రూల్ అంతే.”

“ఆయనికి ఇనపడదు బాబూ! అందుకేగదా ఈడికొచ్చినాం!”

“అచ్ఛా అచ్ఛా. నెక్స్ట్ టైమ్ నేను చూసుకుంటా. టెన్షన్ మత్ లో.”

ఆ మాట పట్టుకుని ఆరు నెలలు ఎదురుచూశారు. రెండోసారి వాడు చూసుకున్నది ఫోన్‌నే. పున్నయ్య అదే కుర్చీలో అలాగే కూర్చున్నాడు. వాడు గుమ్మానికి ఆనుకుని, తలవంచుకుని, గోడకి చెబుతున్నట్టు పేర్లు చదివాడు. ఆ వేళ గేటు దగ్గరికి టీ తాగడానికొచ్చి వాడు తోటి ఉద్యోగితో అన్న మాట రేకుల షెడ్డులో ఉన్న సింహాచలమ్మ చెవిన పడింది. “ఆజ్ పూరీ బహరా పల్టన్ ఆయీ హై.” ఇవాళ చెవిటి పటాలమంతా దిగింది, అని. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు ఆమె మరిచిపోలేదు. చచ్చేదాకా మరిచిపోదు.

మూడోసారికి ఆమె తన తెలివి తాను వాడుకుంది. ఆమెకు హిందీ మాట్లాడడం వచ్చు, రాయడం రాదు. తెలుగు మాత్రం ముత్యాల్లా రాస్తుంది. క్లర్కు మనవాడే కదా అని, తెల్ల కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో, “ఈయన పేరు పున్నయ్య. రెండు చెవులూ వినపడవు. దయచేసి భుజం తట్టి పిలవండి” అని రాసి పున్నయ్య చొక్కా జేబుకి పిన్నీసుతో గుచ్చింది. వాడి కళ్ళ ముందు పెట్టుకుని కూర్చోమని చెప్పింది. ఈసారి ఎలా తప్పిపోతుందో చూస్తానంది.

తప్పిపోయింది. ప్రవీణ్‌కుమార్‌కి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఇంట్లో తెలుగు, బళ్ళో హిందీ, ఇంగ్లీషు. ఆ అక్షరాలు వాడికి గీతలు.

“ఆ కాగితమా? మొక్కుబడి చీటీ అనుకున్నా ఆంటీ, అన్నవరం వాళ్ళది” అన్నాడు సాయంత్రం. “మూడుసార్లు పిలిచాను. కసమ్ సే.”

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. హిందీలో ఉంది. పున్నయ్యే చదువుకున్నాడు, పటాలంలో నేర్చిన హిందీ ఆయనది. మూడు తారీఖులు, మూడింటి ఎదురుగా ఒకటే మాట, గైర్‌హాజిర్. వైద్యం మీద ఆసక్తి లేనందున పేరు తొలగించడమైనది అని కింద ఒక వాక్యం, దాని కింద ప్రవీణ్‌కుమార్ పొట్టి సంతకం. గైర్‌హాజిర్ అన్న మాటకి సింహాచలమ్మకి తర్జుమా అక్కర్లేకపోయింది. ఆ మాట తెలుగులోనూ అదే.

“పోనీలేవే” అన్నాడు పున్నయ్య, ఉత్తరం మడిచి.

ఆ “పోనీలేవే”కి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మూడుసార్లు పన్నెండేసి గంటలు బస్సులో ఒళ్ళు హూనం చేసుకుని వచ్చి, పొద్దున్నుంచి సాయంత్రందాకా వాడి ముక్కు ముందు కూర్చున్న మనిషి గైర్‌హాజరా? పైగా ఆసక్తి లేదా? పెద్దవాళ్ళకు అర్జీలు పెట్టించింది. లక్ష్మీకుమారి చేత ఇంగ్లీషులో రాయించింది. అర్జీలన్నీ తిరిగి తిరిగి ప్రవీణ్‌కుమార్ బల్ల మీదికే వచ్చాయి, అక్కడే చచ్చాయి. ఆ ఏడాది వానాకాలంలో, ఓ పొద్దున్న, ఆమె ఎడమపక్కన కూర్చుని ఏదో కబురు చెబుతుంటే ఆయన నవ్వాల్సినచోట నవ్వలేదు. మళ్ళీ చెప్పింది. ఆయన ఆమె ముఖంలోకి చూసి చెయ్యి అటూ ఇటూ ఊపాడు. అంతే. ఆ సగమూ పోయింది.

ఆ రోజునుంచీ ఆ ఇంట్లో గట్టి నవ్వు లేదు. ఆ రోజునుంచీ ఆమెకు కావలసింది ఒక్కటే. డబ్బు కాదు, జాలి కాదు. ఆ పొట్టి సంతకంగాడు పదిమందిలో నిలబడి మూడుసార్లు పిలవాలి. మూడుసార్లూ ఎవరూ పలకకూడదు. ఒకటి ఎక్కువొద్దు, ఒకటి తక్కువొద్దు.

ఇప్పుడు వాడే పిలిచాడు.

ఆమె పథకంలో మాయా మంత్రం ఏమీ లేదు. స్టేజీ మీద వాడు పేరు పిలుస్తాడు. పున్నయ్యకి వినపడదు. ఆమె మోకాలి మీద తట్టదు. అంతే. ఢిల్లీ సారు చూస్తుండగా, ఎదురుగా మెడల్స్ పెట్టుకుని కూర్చున్న మనిషి లేవడు. వాడు నీళ్ళు నములుతాడు. మూడో పిలుపు అయ్యాక తాను లేచి ఆ ఉత్తరం తీసి, “గైర్‌హాజరని రాసుకో బాబూ, నీ రూలేగా” అంటుంది. ఈ మాటను ఆమె కూర తరుగుతూ, నీళ్ళు తోడుతూ, వంద రకాలుగా అనుకుని చూసుకుంది. ప్రతిసారీ తియ్యగానే ఉంది.

ఒక్కటే ముల్లు. పున్నయ్యకు కబురు పలక మీద రాసి చూపించిన రోజునుంచీ ఆయన కొత్త పెళ్ళికొడుకు అయిపోయాడు. పెట్టె అడుగునుంచి నల్లకోటు తీశాడు. పాత బనీను గుడ్డకి పళ్ళపేస్టు రాసి మెడల్స్ రుద్దాడు. ఒకసారి కాదు, మూడు పూటలు రుద్దాడు. ఇరవై అయిదేళ్ళకి సర్కారు తనను పేరు పెట్టి పిలుస్తోందని చూడవచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. పొద్దున్నే గెడ్డం గీసుకుంటూ అద్దం ముందు పెదాలు కదిలించే అలవాటు ఒకటుంది ఆయనకి, రెండేళ్ళుగా. సూర్యుడికేదో మంత్రం అనుకునేది ఆమె. ఈమధ్య ఆ మంత్రం రెండింతలైంది.

సింహాచలమ్మ మనసు కొంచెం మెత్తబడింది. ఆయన పండగ చెడగొట్టి నేనేం బావుకుంటాను అనిపించింది. వెంటనే ఆ టీ తాగుతూ నవ్విన నవ్వు గుర్తొచ్చింది. మెత్తబడిన మనసు మళ్ళీ రాయి అయింది. వాడు మిగలకూడదు. ఆయనకు తర్వాత కాళ్ళమీద పడి చెప్పుకుంటాను అనుకుంది.

ప్రయాణానికి ముందు రోజు ఉత్తరం కోసం పెట్టె తెరిచింది. కాగితాలన్నీ పెట్టే ప్లాస్టిక్ కవరులో పెన్షన్ పుస్తకం ఉంది, ఆధార్ ఉంది, ఉత్తరం లేదు. పరుపు కింద, దేవుడి గూట్లో, బియ్యం డబ్బాలో కూడా వెతికింది. లేదు. ఎలకలు కొరికేసి ఉంటాయి. పోతే పోనీ, నోరుంది కదా అనుకుంది.

ఇరవై అయిదున బస్సెక్కారు. రాత్రికి లక్ష్మీకుమారి ఇంట్లో పడుకున్నారు. పథకం విని చెల్లెలు తల పట్టుకుంది.

“అప్పా, బావ ముఖం చూశావా? ఎంత ఖుషీగా ఉన్నాడు! మత్ కర్ అప్పా. వాడి ఖర్మకి వాడిని వదిలెయ్.”

“వదిలీడానికి నాకు సేత కాదే. మూడుసార్లు ఆణ్ణి నమ్మినాను.”

మర్నాడు హాలు చూస్తే సింహాచలమ్మకి మతిపోయింది. ఈసారి గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. ప్రవీణ్‌కుమార్ ఇస్త్రీ చొక్కాలో పరుగున వచ్చి, “ఆయియే ఆయియే” అంటూ ఇద్దరినీ మొదటి వరసకి నడిపించాడు. కుర్చీలకు తెల్లగుడ్డలు, మీద పేర్ల చీటీలు, ఒక్కొక్కరికీ నీళ్ళ సీసా. చెవుల డాక్టరు కోసం వస్తే రేకుల షెడ్డు. వీడి ప్రమోషన్ కోసం వస్తే తెల్లగుడ్డ కుర్చీ. ఆమె కూర్చుంది. ఎప్పట్లాగే ఆయనకు ఎడమపక్కన. చెయ్యి ఆయన మోకాలి మీద వేసింది.

ప్రవీణ్‌కుమార్ వంగి ఆమె చెవిలో చెప్పాడు. “ఆంటీ, అంకుల్‌కి వినపడదు కదా. నేను పేరు పిలవగానే మీరు ఇలా తట్టి లేపండి. ఓకే?”

ఆమె వాడి ముఖంలోకి చూసింది. వీడికి తెలుసు. వినపడదని, తడితే లేస్తాడని, ఒక్క తట్టుతో అయిపోయే పనని మొదటినుంచీ తెలుసు. ఇన్నాళ్ళూ ఆ ఒక్క తట్టు తట్టడానికి వీడికి పది అడుగులు నడవబుద్ధి కాలేదు.

“అలాగే బాబూ” అంది. ఆమె లోపల మిగిలిన ఆ కాస్త మెత్తదనమూ పోయింది.

జనగణమన, ఉపన్యాసాలు, పిల్లల పాట అయ్యాయి. ఢిల్లీ సారు తెల్లమీసాల మనిషి, మెడ తిప్పకుండా కూర్చున్నారు. పక్కన బల్ల మీద శాలువా మడత. ప్రవీణ్‌కుమార్ మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

“ఔర్ అబ్, కార్గిల్ కే వీర్, హమారే ద్వీపోఁ కీ షాన్, హవల్దార్ పున్నయ్య!”

హాలంతా చప్పట్లు. సింహాచలమ్మ చెయ్యి మోకాలి మీద కదల్లేదు. ఆమె తలెత్తి పైనున్న ఫ్యాను రెక్కలు చూస్తోంది.

చప్పట్లు సన్నగిల్లాయి. ప్రవీణ్‌కుమార్ నవ్వు అలాగే ఉంది, దాని అంచులు మాత్రం వణికాయి. ఢిల్లీ సారు వాడివైపు చూశారు.

“హవల్దార్ పున్నయ్య!”

రెండు. వాడు స్టేజీ మీదనుంచే ఆమెకు సైగ చేశాడు. తన మోకాలు తానే తట్టి చూపించాడు. తట్టండి ఆంటీ, తట్టండి. నుదుటి మీద చెమట దీపాల కింద మెరుస్తోంది. నాలుగేళ్ళలో మొదటిసారి సింహాచలమ్మ కడుపు చల్లబడింది. అది చల్లబడడం ఆమెకు తెలిసింది, గుటక గుటకగా. వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఇంకా ఒకటుంది రా నాయనా, ఇంకా ఒక్కటి అనుకుంది.

అప్పుడు మొగుడి వైపు చూసింది. చూడకుండా ఉండాల్సింది. నల్లకోటు, మెరిసే మెడల్స్, గెడ్డం మీద పొద్దున్న తెగిన చిన్న గాటు, దానిమీద అంటించిన కాగితం ముక్క. స్టేజీ వైపే చూస్తున్నాడు, నిటారుగా, పేరు పిలుస్తారని. మళ్ళీ అదే కుర్చీ. మళ్ళీ అదే కూర్చోవడం. ఈసారి ఆయన్ని అలా కూర్చోబెట్టింది ప్రవీణ్‌కుమార్ కాదు, తాను. నా పగ మండిపోను అనుకుని, తట్టడానికి వేళ్ళు ఎత్తింది.

ఆయన చెయ్యి వచ్చి ఆమె చేతి మీద పడింది. అరచెయ్యి మొత్తం ఆనించి, అదిమి పట్టుకుంది. కదలకు.

పున్నయ్య ఆమె వైపు తిరగలేదు. ఆయన చూపు మైకు ముందున్న ఆ నోటి మీద ఉంది.

“హవల్దార్ పున్నయ్య...” ఈసారి ఆ నోట పిలుపు కాదు, బతిమాలడం.

మూడు.

పున్నయ్య లేచాడు. చెవిటివాడికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు, పైగా అది గన్నులకు ఎదురొడ్డి అరిచిన గొంతు.

“గైర్‌హాజిర్ హై సాబ్! తీన్ బార్ బులాయా, నహీ ఆయా! లిఖ్ దీజియే!”

పున్నయ్య కోటు లోపలి జేబులోంచి కాగితం తీశాడు. మడతలు అరిగిపోయి, చీలిపోయి, వెనక టేపు అంటించి ఉంది. ఉత్తరం. ఎలకలు కొరికేశాయనుకున్న ఉత్తరం. ఆయన నాలుగు అంగల్లో స్టేజీ ముందుకెళ్ళి, సెల్యూట్ చేసి, దాన్ని ఢిల్లీ సారుకి అందించాడు.

సారు కళ్ళజోడు పెట్టుకుని నిలబడే చదివారు. రెండుసార్లు చదివారు. తర్వాత ప్రవీణ్‌కుమార్‌ని హిందీలో అడిగారు.

“ఇది ఏం క్యాంపు?”

“సర్... చెవులది సర్.”

“చెవుల క్యాంపులో, చెవులు వినపడనివాళ్ళని, నోటితో పిలిచావా?”

“రూల్ ప్రకారం సర్, మూడుసార్లు...”

“ఇప్పుడు కూడా మూడుసార్లే పిలిచావు. ఈయన ఇక్కడ ఉన్నారా, లేరా?”

ప్రవీణ్‌కుమార్ మైకు వదిలి ఒక అడుగు వెనక్కి వేశాడు. బహరా పల్టన్ అని నవ్వినవాడిని ఆ పల్టనులోని ముసలివాళ్ళు నలభైమంది కళ్ళార్పకుండా చూస్తున్నారు. వాళ్ళలో ఎంతమంది ఆ కుర్చీల్లో కూర్చుని గైర్‌హాజరయ్యారో! వెనకనుంచి ఒక పెద్దాయన చెయ్యెత్తి తనవైపు చూపించుకున్నాడు. ఆయన వెనక ఇంకొకాయన.

ఢిల్లీ సారు తానే శాలువా పట్టుకుని స్టేజీ దిగి వచ్చారు. పున్నయ్య మెడ వంచలేదు.

“షాల్ బాద్ మే సాబ్. పహలే యే ఠీక్ కరవాయియే” అని వేలితో ఆ మూడు మాటలూ చూపించాడు. శాలువా తర్వాత, ముందు ఇది సరిచేయించండి, అని.

సారు తన జేబులోని పెన్ను తీసి ప్రవీణ్‌కుమార్ చేతికిచ్చారు. బల్ల లేదు, పీట లేదు. వాడు మొదటి వరస ముందు, తెల్లగుడ్డ కప్పిన ఖాళీ కుర్చీ మీద కాగితం పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, గైర్‌హాజిర్ కొట్టేసి హాజిర్ అని రాశాడు. ఒకటి. అక్షరం వంకరపోయింది. రెండు. మూడు. ప్రతిదాని పక్కనా సంతకం. సింహాచలమ్మ సరిగ్గా వాడి నెత్తిమీద నిలబడి లెక్కపెట్టింది. మూడో సంతకం అయ్యాక వాడు తలెత్తి, “ఆంటీ, మాఫ్...” అన్నాడు.

“నాకు ఇనపడదు బాబూ” అంది.

అప్పుడు పున్నయ్య మెడ వంచాడు. సారు శాలువా కప్పి, ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పారు. ఆయనకు వినపడలేదు. అయినా నవ్వాడు. వచ్చే క్యాంపునుంచి పేర్లు పలక మీద రాసి, ఒక్కొక్క కుర్చీ దగ్గరికీ వెళ్ళి చూపించి, భుజం తట్టి పిలవాలనీ, ఆ పలక పట్టుకుని తిరిగేది ప్రవీణ్‌కుమారేననీ అక్కడికక్కడే హుకుం అయింది. ప్రమోషన్ ఫైలు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు. వాడి ముఖం చూస్తేనే తెలుస్తోంది.

హాలు బయట వసారాలో ఇద్దరూ గొడుగు విప్పడానికి ఆగారు. వెనక తలుపులన్నీ తీసే ఉన్నాయి. సింహాచలమ్మ మొగుడి చెయ్యి లాగి, ముందు ఆయన చెవి మీద వేలు పెట్టి చూపించింది, తర్వాత లోపల ప్రవీణ్‌కుమార్ నోటివైపు చూపించింది. కళ్ళు పెద్దవి చేసి, ఎలా, అని అడిగింది.

“ఏటి? ఆడు పిలిసినట్టు నాకెలా తెలిసిందనా?”

తలూపింది.

“పొద్దున్నే అద్దంలో సూసుకుంటాను గదే. ఆ ఉత్తరం వచ్చిన మర్నాటినుంచీని. నా పేరు పిలిస్తే నోరు ఎలాగుంటాదో నేర్సుకుంటన్నాను. ‘పు’ అన్నప్పుడు పెదాలు రెండూ కలుస్తాయి. ‘య్య’ అన్నప్పుడు నోరు తెరుసుకుంటాది.” ఆయన గొంతు వసారా అంతా వినపడుతోంది, ఆయనకది తెలియదు. “నాలుగోపాలి పిలుత్తారనుకున్నాను. ఈసారి తప్పిపోకూడదని. పిలవనే నేదు, రెండేళ్ళు.”

రెండేళ్ళుగా తాను సూర్యుడి మంత్రం అనుకున్నది ఇదా? ఆమె గొడుగు కింద పడేసింది. “పోనీలేవే” అన్న మనిషి ఆ ఉత్తరం దాచుకుని, మడతలు అరిగేదాకా చదువుకుని, పొద్దున్నే అద్దం ముందు తన పేరు తానే పిలుచుకుంటూ నిలబడ్డాడు. పగ తన ఒక్కదానిదే అనుకుంది. తనకంటే ముందునుంచీ, తనకంటే ఓపిగ్గా, ఆయన కాచుకుని కూర్చున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా, కొంగు నోట్లో కుక్కుకోకుండా, బాహాటంగానే.

తర్వాత కళ్ళు తుడుచుకుని, హాలు తలుపుకి ఎదురుగా నిలబడింది. లోపల ప్రవీణ్‌కుమార్ కుర్చీల మీది తెల్లగుడ్డలు మడతపెడుతున్నాడు. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఆమె మొగుడి పేరు నోటితో ఒక్కసారి పలికి ఎరగదు. ఆయన ముఖంలోకి చూసి, పెదాలు కలిపి, విప్పి, హాలు మారుమోగేలా పిలిచింది.

“పున్నయ్యా!”

వసారాలో వాళ్ళు తిరిగి చూశారు. లోపల ప్రవీణ్‌కుమార్ చేతిలోని గుడ్డ జారిపోయింది. అందరికీ వినపడింది. వినపడని మనిషి ఒక్కడే మడమలు దగ్గరకు చేర్చి, ఛాతీ విరిచి, ఊరంతా వినేలా పలికాడు.

“హాజిర్!”